12 వారాలు, ఒక బల్ల, రోజుకు 1.5 జీబీ: ఆన్‌లైన్ కోర్సు అలవాట్ల ప్రాజెక్టు డైరీ

పని: జనవరి–ఏప్రిల్ సెషన్‌లో ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) 12 వారాల గణాంకశాస్త్రం కోర్సును ఇంట్లోంచి పూర్తిచేయడం. స్థలం: ఖమ్మంలో రెండు గదుల అద్దె ఇల్లు, ముందు గదిలో ఒక మూల. సామాను: పాత లాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్, రోజుకు 1.5 జీబీ ప్లాను.

రోజూ రాసినవి ఐదు: చూసిన వీడియో నిమిషాలు, బకాయి నిమిషాలు, పడుకున్న–లేచిన టైము, నడక, ఖర్చు. బకాయి అంటే ఆ వారాంతానికి చూడాల్సి ఉండి చూడని వీడియో. ‘రెండు పాఠాలు మిగిలాయి’ అని రాస్తే తేలిగ్గా అనిపిస్తుంది. ‘60 నిమిషాలు’ అని రాస్తే దాన్ని ఏ రోజు ఎక్కడ ఇరికించాలో వెతుకుతాం. అందుకే నిమిషాల్లోనే రాశాం.

డైరీ తిరగేస్తే, బకాయి పెరిగిన ప్రతిసారీ వెనక మెడో, నిద్రో, డేటానో, ఇంట్లో గోలో కనిపించింది. పాఠం కష్టమై బకాయి పడిన వారం ఒక్కటీ లేదు.

ముందుగా మార్కుల లెక్క

ఇది తెలియకుండా టైంటేబుల్ వేయకూడదు. 12 వారాల కోర్సులో వారానికో అసైన్‌మెంట్. వాటిలో బాగా వచ్చిన 8 తీసుకుని సగటు కట్టి 25కి కుదిస్తారు. కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30, రెండూ ఉండాలి. అంటే నాలుగు వారాలు చేజారినా మునిగిపోం. ఈ నాలుగూ ఇన్సూరెన్సు లాంటివి. మొదటి నెలలోనే వాడేస్తే ఏప్రిల్ ఎండల్లో, కరెంటు కోతల్లో చేతిలో ఏమీ ఉండదు.

దశ 1: బల్ల, కుర్చీ (1–2 వారాలు)

బల్ల ఎత్తు 76 సెం.మీ. ప్లాస్టిక్ కుర్చీ కూర్చునే భాగం ఎత్తు 43. కూర్చున్న మనిషి మోచెయ్యి నేల నుంచి 66 సెం.మీ. దగ్గర ఉంది. బల్ల అంతకన్నా 10 సెం.మీ. ఎత్తు కాబట్టి టైపు చేసినంతసేపూ భుజాలు పైకి లేచే ఉంటాయి. పైగా లాప్‌టాప్ బల్ల మీదే ఉంటే చూపు కిందికి, మెడ ముందుకి. మొదటి వారంలో మూడు సాయంత్రాలు మెడ పట్టేసింది. 30 నిమిషాల బకాయి అక్కడే మొదలైంది.

చేసిన మార్పులు, వరసగా:

1. కుర్చీ మీద దుప్పటి నాలుగు మడతలేసి 8 సెం.మీ. ఎత్తు పెంచాం. విఫలం. వారం తిరిగేసరికి అణిగి 5 సెం.మీ. అయింది. కొబ్బరిపీచు పరుపు ముక్క కోసి పెట్టాక నిలిచింది. మెత్తటి ఫోమ్ కూడా దుప్పటిలాగే అణుగుతుంది, వద్దు.
2. ఎత్తు పెరిగేసరికి కాళ్లు వేలాడాయి, తొడల కింద నొక్కుకుపోయింది. రెండు ఇటుకలు పడుకోబెట్టి పైన గోనెసంచి చుట్టాం. పాదాలు ఆనాయి.
3. లాప్‌టాప్ కింద పాత ఎంసెట్ గైడ్లు ఐదు, మొత్తం 18 సెం.మీ. తెర పై అంచు కంటికి కొంచెం దిగువన వచ్చింది. తెరకూ కంటికీ దూరం 60 సెం.మీ., అంటే చెయ్యి చాపితే వేళ్లు తగిలేంత.
4. అంత ఎత్తున ఉన్న లాప్‌టాప్ కీబోర్డు మీద టైపు చేయలేం. విడిగా వైరు కీబోర్డు, మౌస్: రూ. 650.
5. ట్యూబ్‌లైటు తల వెనక ఉండి తెర మీద మెరుస్తోంది. కిటికీ ఎడమ పక్కకు వచ్చేలా బల్ల తిప్పాం. రాత్రికి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు, హోల్డరు, వైరు: రూ. 280. వెలుగు నోట్సు మీద పడాలి, తెర మీద కాదు.

రెండో వారంలో కళ్ల మంటకు ‘బ్లూ కట్’ కళ్లద్దాలు (తెర నీలి కాంతిని ఆపుతాయని అమ్మేవి) కొన్నాం, రూ. 600. దండగ. మంట తగ్గలేదు. ఈ అద్దాల వల్ల కంటి అలసటలో చెప్పుకోదగ్గ తేడా ఉండకపోవచ్చని 2023లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే సంస్థ) సమీక్ష తేల్చింది. కొనకముందు చదవాల్సింది. అసలు కారణం, తెర చూస్తున్నప్పుడు రెప్పలు తక్కువగా కొట్టడం. దాంతో కన్ను ఆరిపోతుంది. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడాలన్న సూత్రం పాతదే. మా గది పొడుగు 11 అడుగులే కాబట్టి కిటికీలోంచి ఎదురింటి వాటర్ ట్యాంకును గురిగా పెట్టుకున్నాం. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగలకుండా తిప్పడం కూడా పనిచేసింది.

ఇక్కడికి లెక్క: ఖర్చు రూ. 1,530, అందులో దండగ రూ. 600. రెండో వారాంతానికి బకాయి 105 నిమిషాలు.

దశ 2: టైంటేబుల్ ఎందుకు కూలింది (2–3 వారాలు)

మొదట వేసిన లెక్క: వారానికి 5 పాఠాలు, ఒక్కోటి 30 నిమిషాలు, మొత్తం 150. అసైన్‌మెంట్‌కు 30. కలిపి మూడు గంటలు. స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే 30 నిమిషాల పాఠానికి 52 నిమిషాలు పడుతోంది. ప్రతి స్లైడ్ దగ్గరా ఆపడం, ఉన్నది ఉన్నట్టు దించుకోవడం, మళ్లీ మొదలుపెట్టడం. అంటే పాఠాలకే 260 నిమిషాలు. అసైన్‌మెంట్ నిజానికి 60. మూడు గంటల గుడ్డతో ఐదు గంటల ఇరవై నిమిషాల మనిషికి చొక్కా కుట్టబోయాం.

వేగం 1.5కి పెంచి చూశాం. పరిచయ పాఠాల్లో సరే. సూత్రాలు రాబట్టే పాఠంలో వెనక్కి తిప్పుకుంటూ పోతే మొత్తం 34 నిమిషాలైంది, మామూలు వేగం కన్నా నాలుగు ఎక్కువ. పరిచయాలకు 1.25, మిగతావాటికి 1 దగ్గర స్థిరపడ్డాం.

నోట్సు పద్ధతి మార్చాక నిలిచిన క్రమం ఇది:

1. ట్రాన్‌స్క్రిప్ట్ (పాఠంలోని మాటల రాతప్రతి) ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. ఉన్నది ఉన్నట్టు రాసే పని అక్కడితో పోతుంది. కొన్ని కోర్సులకు తెలుగులోనూ ఉంటుంది.
2. పాఠం ఆపకుండా చూడాలి. అర్థం కాని చోట టైము మాత్రం రాసుకోవాలి: ‘14:20’.
3. వీడియో మూసేసి, గుర్తున్నది 5 నిమిషాలు రాయాలి. చూడకుండా.
4. మరో 3 నిమిషాల్లో మూడు ప్రశ్న కార్డులు.

మొత్తం 38 నిమిషాలు. మూడో మెట్టు అందరూ ఎగ్గొట్టేదే, అందులోనే సత్తువ ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారం తర్వాత పరీక్షిస్తే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. మనకు పరీక్ష ఐదు నిమిషాల తర్వాత లేదు, ఏప్రిల్‌లో ఉంది.

కార్డుల్లో మొదట చేసిన తప్పు: ‘బేయ్స్ సిద్ధాంతం అంటే ఏమిటి?’ అని రాయడం. జవాబు నోటికొస్తుంది, లెక్క రాదు. మార్చిన కార్డు: ‘వ్యాధి నూటికి ఒకరికి ఉంది. ఉన్నవాళ్లలో 90 శాతం మందిని పరీక్ష పట్టుకుంటుంది. లేనివాళ్లలో 5 శాతం మందికి తప్పుగా ఉందని చూపుతుంది. పాజిటివ్ వస్తే వ్యాధి ఉండే అవకాశం ఎంత?’ వెనకవైపు: 0.009ని 0.0585తో భాగిస్తే సుమారు 15.4 శాతం. కార్డులు ఆంకీడ్రాయిడ్ అనే ఫోన్ యాప్‌లో, ఉచితం, తెలుగు లిపి ఇబ్బంది లేదు. రోజుకు 10 నిమిషాలు, వారానికి ఆరు రోజులు.

కొత్త లెక్క: పాఠాలు 190, కార్డులు 60, అసైన్‌మెంట్ 60. వారానికి 310 నిమిషాలు.

నోట్‌బుక్కులు రెండు రూ. 120, టేబుల్ అలారం గడియారం రూ. 250. ఫోన్‌లో అలారం ఉండగా గడియారం ఎందుకంటే, దాన్ని ఆపడానికి ఫోన్ పట్టుకున్న చెయ్యి మళ్లీ 20 నిమిషాలకు గానీ ఖాళీ కాదు.

ఇక్కడికి లెక్క: ఖర్చు రూ. 1,900. మూడో వారంలో చూసింది 45 నిమిషాలే, బకాయి 210. అసైన్‌మెంట్ మార్కులు, నూటికి: 80, 60, మూడోది కింద చూడండి.

దశ 3: సున్నా వచ్చిన బుధవారం

చాలా కోర్సుల్లో అసైన్‌మెంట్ గడువు మరుసటి వారం బుధవారం రాత్రి 11:59. మూడో అసైన్‌మెంట్ ఆ రాత్రి 11:30కి తెరిచాం. పేజీ రావట్లేదు. ఆ రోజు కోటా అయిపోయింది. చూసింది 720పిలో రెండు పాఠాలే, 420 ఎంబీ. మిగిలిన జీబీ పైచిలుకు విండోస్ అప్‌డేట్ తాగేసింది. హాట్‌స్పాట్‌ను లాప్‌టాప్ మామూలు వైఫై అనుకుంటుంది, అర్ధరాత్రి కొత్త కోటా వచ్చేసరికి గడువు దాటింది. మార్కు: 0.

మార్పులు:

1. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, వైఫై, ఆ హాట్‌స్పాట్ పేరు మీద ప్రాపర్టీస్‌కు వెళ్లి ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేయాలి. పెద్ద అప్‌డేట్లు ఆగుతాయి. ఫోన్ మారిస్తే మళ్లీ చేయాలి.
2. పాఠాలు 480పిలో. 30 నిమిషాలకు మా కొలతలో 110 ఎంబీ. స్లైడ్ మీద అక్షరాలు బాగానే కనిపిస్తాయి.
3. ఆటోప్లే ఆపేయాలి.
4. గడువు బుధవారం అన్నమాట మర్చిపోవాలి. మన గడువు సోమవారం రాత్రి 8.
5. పాఠాలు చూస్తుండగానే మధ్యలో ఒకసారి సబ్మిట్ చేయాలి. గడువులోపు ఎన్నిసార్లైనా పంపవచ్చు, చివరిసారి పంపిందే లెక్క. సగం జవాబులతో పంపినా సున్నా కన్నా నయం.

ఒక చిక్కు మిగిలింది. హాట్‌స్పాట్ అంటే ఫోన్ ఆన్‌లో ఉండాలి, దగ్గర్లో ఉండాలి. ‘ఫోన్ స్విచాఫ్ చేసి చదవండి’ అనే సలహా ఇచ్చేవాళ్లకు బ్రాడ్‌బ్యాండ్ ఉండి ఉంటుంది. వంటగది గూట్లో, చార్జర్‌కు పెట్టి, తెర కిందికి తిప్పి ఉంచాం. మధ్యలో ఒకే గోడ, సిగ్నల్ సరిపోయింది. లేచి ఏడడుగులు నడవాలి. ఆ ఏడడుగులే కాపాడాయి: అంతకుముందు గంటకు 9 సార్లు ఫోన్ చూసిన లెక్క 2కు దిగింది.

దశ 4: నిద్ర (4–6 వారాలు)

మూడో వారం సగటు: పడుకున్నది రాత్రి 1:10, లేచింది 6:20. 5 గంటల 10 నిమిషాలు. పెద్దవాళ్లకు కనీసం 7 కావాలి. కొరత ఎక్కడ బయటపడిందంటే గుర్తుచేసుకుని రాసే ఐదు నిమిషాల్లో. పగటి పాఠానికి 8–9 అంశాలు వస్తే, రాత్రి 11 దాటాక చూసిన పాఠానికి మూడు.

ఒకేసారి 10:15కి పడుకోబోతే రెండు రోజులు పైకప్పు చూస్తూ గడిచింది, మూడో రోజు మళ్లీ ఒంటిగంట. తర్వాత రెండు రోజులకోసారి 20 నిమిషాలు చొప్పున వెనక్కి జరిపాం. ఒంటిగంట నుంచి ఎనిమిది మెట్లు, 16 రోజులు: 10:20. లేవడం 5:40. నిద్ర 7 గంటల 20 నిమిషాలు.

దీనికి అడ్డుపడ్డది రాత్రి 9:30 టీ. ఒంట్లో కెఫీన్ సగం కరగడానికే ఐదు గంటలు అటూఇటుగా పడుతుంది. చివరి టీ సాయంత్రం 4కి మార్చాం. భోజనంతో పాటు తాగే టీ కూడా మానాం. అందులోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, గంట ఎడం ఉంచమని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది.

నాలుగో వారంలో మరో పొరపాటు. బకాయి ఒక్క దెబ్బకు తీర్చేద్దామని ఆదివారం వరసగా నాలుగు పాఠాలు. మొదటి పాఠానికి 9 అంశాలు గుర్తొచ్చాయి, నాలుగోదానికి 2. గంటలు ఖర్చయ్యాయి, చదువు మిగల్లేదు. తర్వాత పాటించిన పద్ధతి: ముందు ఈ వారం పాఠాలు, ఆ తర్వాతే బకాయి, అదీ రోజుకు ఒకటికి మించకుండా. పాత పాఠం లేకుండా కొత్తది అర్థం కాకపోతే పాతదాని ట్రాన్‌స్క్రిప్ట్ పది నిమిషాలు తిరగేసి ముందుకు వెళ్లడం. ఉన్న గడువు ఈ వారానిది, పోయినవారానిది కాదు.

బకాయి నడక: నాలుగో వారం 180, ఐదు 140, ఆరు 90, ఏడు 0. అసైన్‌మెంట్లు నాలుగు నుంచి ఏడు దాకా: 50, 75, 80, 90. ఖర్చు మారలేదు, రూ. 1,900.

అన్నం, నడక

మధ్యాహ్నం 2 గంటల వీడియో ఎప్పుడూ కునుకుతో ముగిసేది. బియ్యం తూచి చూస్తే రోజుకు 380 గ్రాములు. 2,000 కేలరీల రోజుకు జాతీయ పోషకాహార సంస్థ సూచించిన పళ్లెంలో ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400. ఒక్కసారిగా తగ్గిస్తే నాలుగింటికి మిక్చర్ డబ్బా ఖాళీ అవుతుంది, అయింది కూడా. మధ్యాహ్నం ఒక గరిటె అన్నం తగ్గించి ఆ చోట గట్టిపప్పు, పొద్దున పెసరట్టు. ఇంతకన్నా ఎక్కువ సాధించలేదు. భోజనం తర్వాత వీడియో మానేసి, నిలబడి కార్డులు తిప్పడం మాత్రం బాగా పనిచేసింది.

నడక: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వారానికి కనీసం 150 నిమిషాలు. 25 చొప్పున ఆరు రోజులు, పొద్దున 5:50కి. సాయంత్రం పెట్టుకున్న వారాల్లో సగటు 60 దాటలేదు.

ఆదివారం రాత్రి 8కి అదే కోర్సు చేస్తున్న ఇంకొకరితో అరగంట ఫోన్. ఒకరు ఒక అంశం చెప్పాలి, రెండోవాళ్లు అడ్డుప్రశ్నలు వేయాలి. ఆన్‌లైన్ చదువులో రోజుల తరబడి చదువు గురించి ఎవరితోనూ మాట్లాడకుండా గడిచిపోతుంది, ఆ సంగతి డైరీలో ‘మాట్లాడినవాళ్లు’ అనే గడి చేర్చాకే తెలిసింది. దిగులు రెండు వారాలు దాటి నిద్ర, తిండి చెడితే 14416కి ఫోన్ చేయవచ్చు, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

దశ 5: ఎండ, ఒంటిపూట బడులు (8–12 వారాలు)

ఎనిమిదో వారంలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నం నుంచి ఇంట్లో పిల్లలు, టీవీ, క్యారమ్స్. మధ్యాహ్నపు చదువు గంట పోయింది. ఇయర్‌ఫోన్లతో నెట్టుకొద్దామనుకుంటే చూసింది 90 నిమిషాలే, బకాయి 60. పిల్లల మీద కేకలు వేసి లాభం లేదు, వాళ్ల సెలవు గంటలు వాళ్లవి. పాఠాలన్నీ పొద్దున 6:30–8:00 మధ్యకు జరిపాం. తొమ్మిదో వారం ఉగాది పనుల్లో బకాయి అలాగే 60 దగ్గర ఆగింది, పదో వారంలో 210 నిమిషాలు చూస్తే తీరింది.

పదో వారంలో మధ్యాహ్నం 3కి గదిలో 36 డిగ్రీలు. లాప్‌టాప్ ఫ్యాను రొద, వీడియో నత్తనడక. నెట్ అనుకుని ఒక రోజంతా నెట్ చుట్టూ తిరిగాం. తప్పు మనదే: కింద పేర్చిన గైడ్లు లాప్‌టాప్ గాలి రంధ్రాలను మూసేశాయి. నాలుగు మూలలా నీళ్ల సీసా మూతలు పెట్టి సెంటీమీటరు పైచిలుకు ఎడం ఇస్తే రొద తగ్గింది, వీడియో ఆగలేదు. మొదటి రోజునే పెట్టుకోండి. కిటికీకి వట్టివేళ్ల తడక, రూ. 400, రెండుసార్లు నీళ్లు చల్లితే మధ్యాహ్నం 3 డిగ్రీల తేడా.

కరెంటు కోతకు: లాప్‌టాప్ బ్యాటరీ తెర వెలుగు సగానికి తగ్గిస్తే 1 గంట 40 నిమిషాలు. మర్నాటి పాఠాలు ముందురోజు రాత్రి మిగిలిన కోటాతో డౌన్‌లోడ్ చేసి ఉంచాం, ఉన్న కోటా అర్ధరాత్రికి ఎలాగూ పోతుంది.

అసైన్‌మెంట్లు ఎనిమిది నుంచి పన్నెండు దాకా: 70, 95, 85, 90, 80. బాగా వచ్చిన ఎనిమిది: 95, 90, 90, 85, 80, 80, 80, 75. మొత్తం 675, సగటు 84.4, 25కి 21.1. మూడో వారం సున్నా లెక్కలోకి రాలేదు.

ఖర్చు: రూ. 2,300. పరీక్ష ఫీజు రూ. 1,000. మొత్తం రూ. 3,300.

దశ 6: పరీక్షకు ముందు

పరీక్ష మూడు గంటలు, కంప్యూటర్ మీద, పొద్దున 9–12 లేదా మధ్యాహ్నం 2–5. 30 నిమిషాల ముక్కలకు అలవాటైన ఒళ్లు మూడు గంటలు కూర్చోదు. మొదటి రిహార్సల్‌లో గంటా నలభై నిమిషాలకే లేచాం. రెండోది పూర్తయింది, కానీ చివరి అరగంటలో కూడికల తప్పులు నాలుగు. మూడోది పరీక్ష టైమైన 2–5కే, తడక తడపకుండా, పరుపు ముక్క తీసేసి కూర్చుంటే తప్పు ఒకటి. భోజనం 12:15కి, అన్నం మామూలులో సగం, మజ్జిగ.

సంచిలో: ప్రింటు తీసిన హాల్ టికెట్, ఒరిజినల్ గుర్తింపు కార్డు, నీళ్లు, రుమాలు. ఫోన్‌లో ఫొటో ఉందని అసలు కార్డు ఇంట్లో పెట్టి వెళ్లకండి.

పరీక్ష అయ్యాక బల్ల మీద ఉంచినవి: కీబోర్డు, గైడ్లు, సీసా మూతలు, పక్క లైటు. ఇటుకలు ఇంటి ఓనరుకు తిరిగిచ్చేశాం, వాటి బదులు పాత పీట. కళ్లద్దాలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి.